గడ్డి కుక్కిన టైరు

'పంక్చర్‌వాలా' అనే మాట ఇవాళ మా మీద తిట్టుగా చలామణీ అవుతోంది. 2019 డిసెంబర్‌లో పౌరసత్వ సవరణ చట్టం వద్దని జనం వీధుల్లోకి వచ్చినప్పుడు, ఆ చట్టాన్ని సమర్థిస్తూ బెంగళూరులో జరిగిన సభలో ఒక పార్లమెంటు సభ్యుడు నిరసనకారుల్ని చదువురాని వాళ్లనీ, పంక్చర్లు వేసుకునే వాళ్లనీ ఎద్దేవా చేశాడు. 2025 ఏప్రిల్ 14న హర్యానాలోని హిసార్‌లో ప్రధానమంత్రి మాట్లాడుతూ, వక్ఫ్ ఆస్తుల్ని నిజాయితీగా వాడి ఉంటే ముస్లిం యువకులకు సైకిల్ పంక్చర్లు వేసుకుంటూ బతకాల్సిన గతి పట్టేది కాదన్నారు. ఒకటి వెక్కిరింత, ఇంకోటి జాలి. రెండింటికీ ఆ పని ఏమిటో తెలుసుకోవాల్సిన అవసరం మాత్రం కలగలేదు.

మాలో చదువుకున్న వాళ్లదీ అదే వరస. మా చరిత్ర రాయమంటే కోటలు రాస్తాం, గుంబజులు రాస్తాం, ముషాయిరాలు రాస్తాం. బస్టాండు పక్కన నీళ్ల తొట్టి పెట్టుకుని కూర్చున్న మనిషికి ఆ చరిత్రలో చోటుండదు. అతన్ని చూస్తే మాకే నామోషీ. అందుకే ఈ వ్యాసంలో కోటల్ని పక్కనబెట్టి ట్యూబు గురించి రాస్తున్నాం. అది కూడా షాపులో అన్ని సామాన్లూ దగ్గరుండి వేసే పంక్చర్ గురించి కాదు. ప్యాచీ లేదు, సొల్యూషన్ లేదు, మైళ్ల దూరంలో షాపు లేదు. అలాంటప్పుడు చేతికి దొరికిన దానితో బండిని ఇంటికి చేర్చే విద్య గురించి. షాపు పని పుట్టింది కూడా ఈ విద్యలోంచే.

అసలు గాలి టైరే దొరికిన దానితో చేసిన ఏర్పాటు. 1845లో రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండు మనిషి గాలి నింపిన చక్రానికి పేటెంటు తీసుకున్నాడు. అప్పటికి రోడ్ల మీద తిరిగేవి గుర్రబ్బండ్లు. రబ్బరు ఖరీదైన సరుకు. ఎవరూ పట్టించుకోలేదు. నలభై ఏళ్ల తర్వాత, 1887లో, బెల్‌ఫాస్ట్‌లో జాన్ బాయిడ్ డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలు రాళ్ల మీద ఎగిరెగిరి పడుతుంటే చూడలేక, పల్చటి రబ్బరు షీటును గొట్టంగా అతికించాడు. దాన్ని చెక్క చక్రానికి చుట్టి, పైన నార గుడ్డ కప్పి మేకులు కొట్టాడు. ఫుట్‌బాల్‌కు గాలి కొట్టే పంపుతో గాలి నింపాడు. మరుసటేడు పేటెంటు తీసుకున్నాడు. థామ్సన్ పేటెంటు ముందే ఉందని తేలి అతనిది చెల్లకుండా పోయింది గానీ పేరు మాత్రం అతనిదే నిలిచింది. అతను ఇంజనీరు కాదు. రబ్బరు వ్యాపారి కూడా కాదు. రబ్బరు ముక్క, పాత గుడ్డ, ఆటవస్తువు పంపు. ఇంతే అతని కార్ఖానా. దీన్ని లోకం ఆవిష్కరణ అంది.

ఆ రోజుల్లో టైరును చక్రానికి జిగురుతో అతికించేవాళ్లు. పంక్చరైతే మొత్తం పీకాలి. 1889లో ఫ్రాన్స్‌లోని క్లెర్మాన్-ఫెరాన్ పట్నంలో మిషెలిన్ సోదరుల రబ్బరు కార్ఖానాకు ఒక సైకిలు మనిషి పంక్చరైన డన్‌లప్ టైరుతో వచ్చాడు. బాగు చేయడానికి మూడు గంటలు పట్టింది. జిగురు ఆరడానికి ఒక రాత్రి పట్టింది. తెల్లారి ఎడ్వార్ మిషెలిన్ ఆ సైకిలెక్కి కొంచెం దూరం పోయాడో లేదో మళ్లీ గాలి దిగిపోయింది. ఆ విఫలమైన పంక్చర్ నుంచే ఆయన ఊడదీసే టైరు దాకా వెళ్లాడు. 1891లో పారిస్ నుంచి బ్రెస్ట్ దాకా వెళ్లి తిరిగొచ్చే పందెంలో, దాదాపు 1,200 కిలోమీటర్ల దారిలో, షార్ల్ తెరాన్ ఆ టైర్ల మీదే గెలిచాడు. మరుసటేడు మిషెలిన్ పారిస్ నుంచి క్లెర్మాన్-ఫెరాన్‌కు ఇంకో పందెం పెట్టి, దారిలో తనే మేకులు చల్లించాడు. తన టైరుకు పంక్చర్ ఎంత తేలిగ్గా వేయవచ్చో లోకానికి చూపించాలని.

ఈ మేకుల సంగతి మేం కావాలనే రాస్తున్నాం. మా పంక్చర్ షాపుల మీద ఎప్పుడూ ఉండే అనుమానం, వీడే రోడ్డు మీద మేకులు చల్లి ఉంటాడని. ఎక్కడైనా ఎవడైనా చల్లితే అది తప్పే, వాడు దొంగే. కానీ ఒకరు చల్లితే ప్రచారం అయింది, కంపెనీ చరిత్రలో గొప్ప ఘట్టం అయింది. ఇంకొకరు చల్లకపోయినా జాతి మొత్తానికి అంటుకున్న నింద అయింది. ఈ తేడా ఎందుకొచ్చిందో సెక్యులర్ మిత్రులు కూడా ఒక్క నిమిషం ఆలోచించాలి.

ఇక విద్య సంగతికి వద్దాం. ఊరికీ ఊరికీ మధ్య తుమ్మ ముల్లో పల్లేరు కాయో దిగింది. చక్రం నేలకు అంటుకుంది. తెలిసిన మనిషి వెంటనే టైరు విప్పడు. ముందు వాల్వు చూస్తాడు. మన సైకిళ్లకు ఉండేది వుడ్స్ రకం వాల్వు. లోపలి పుల్లకు చిన్న రబ్బరు గొట్టం తొడిగి ఉంటుంది. దాన్నే మనం వాల్‌ట్యూబ్ అంటాం. వేలికి ఉమ్మి తడి చేసి వాల్వు మూతి మీద పెడితే బుడగ వచ్చిందా, తప్పు ట్యూబుది కాదు, వాల్‌ట్యూబుది. చిరిగిన కొస కత్తిరించి, మిగతాది కిందికి లాగి తొడిగితే చాలాసార్లు పని అయిపోతుంది. పంక్చర్ అనుకుని మైళ్ల దూరం సైకిలు నెట్టుకుంటూ పోయేవాళ్లకూ, ఈ సంగతి తెలిసినవాడికీ తేడా ఒక్క ఉమ్మి బుడగ.

తప్పు ట్యూబుదే అయితే టైరు ఊడదీయాలి. అందుకు చెంచా కాడ చాలు. స్క్రూడ్రైవర్ లాంటి మొనదేలిన వస్తువు పెడితే ఉన్న రంధ్రానికి తోడు ఇంకోటి పడుతుంది. రంధ్రం వెతకడానికి నీళ్లు లేకపోతే, ట్యూబులో కాస్త గాలి కొట్టి చెంపకు దగ్గరగా తిప్పుతారు. చేతికి తెలియని సన్నగాలి చెంపకు, పెదవికి తెలుస్తుంది. రంధ్రం దొరికాక ట్యూబును వదిలి టైరు లోపల వేలితో మెల్లగా తడమాలి. ముల్లు ఇంకా అక్కడే ఉంటుంది. దాన్ని తీయకుండా ఏం చేసినా పది గజాల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

అప్పుడు ముడి. రంధ్రం మడత కొసకు వచ్చేలా ట్యూబును మడిచి, దాని కింద గట్టిగా కట్టాలి. దారం కంటే పాత ట్యూబు నుంచి కోసిన సన్నటి పట్టీ మేలు. సాగదీసి చుడితే అది లోపలికి నొక్కుతూనే ఉంటుంది, వదులవదు. ట్యూబు కొంచెం పొట్టిదవుతుంది, ముడి ఉన్న చోట చక్రం తిరిగినప్పుడల్లా ఎత్తేస్తుంది. చిరుగు పెద్దదైతే ఇంకో దారి ఉంది. చిరిగిన చోట ట్యూబును అడ్డంగా కోసేసి, రెండు కొసల్నీ వేర్వేరుగా కట్టేస్తారు. అప్పుడది చక్రం చుట్టూ ఉండే కట్టు కాదు, రెండు మూతులూ కట్టేసిన సంచి. కొసలు రెండూ పక్కపక్కన ఆనేలా టైరులో సర్ది, గాలి తక్కువగా కొట్టి, మెల్లగా తొక్కుకుంటూ పోవచ్చు.

పంపు కూడా లేదు. అప్పుడు గడ్డి. ట్యూబు తీసి పక్కన పెట్టి, పొడుగాటి గడ్డిని పురిపెట్టి తాడులా పేని, టైరు లోపల చుట్టూ కుక్కుతారు. గడ్డి లేకపోతే గుడ్డ పేలికలు, వరిగడ్డి, కొబ్బరి పీచు. కుక్కడంలోనే కిటుకుంది. ఒకచోట ఎక్కువా ఒకచోట తక్కువా అయితే టైరు రిమ్ము నుంచి జారిపోతుంది. ఇక లోపలికి పోదు అనిపించాక ఇంకో గుప్పెడు కుక్కాలి. మైలు పోయాక గడ్డి నలిగి పిండి అవుతుంది. దిగి మళ్లీ నింపుకోవాలి. వెనక ఎవర్నీ ఎక్కించుకోకూడదు. దిగుడులో వేగంగా పోకూడదు.

షాపు పెట్టుకున్నాక కూడా కొనే సరుకు తక్కువ, చేసుకునే సరుకు ఎక్కువ. ప్యాచీ అంటే పారేసిన ట్యూబులోంచి గుండ్రంగా కోసిన ముక్క. గరుకు కాగితం లేకపోతే పెంకు ముక్కతో రుద్దుతారు. సొల్యూషన్ డబ్బా కొనలేని చోట పచ్చి రబ్బరును పెట్రోలులో నానబెట్టి జిగురు చేసుకుంటారు. పాత ట్యూబు ముక్కను నానబెడితే ఆ పని జరగదు. అది గంధకంతో ఉడికిన రబ్బరు. పెట్రోలులో ఉబ్బుతుంది గానీ కరగదు. 1823లో చార్లెస్ మకింటాష్ రబ్బరును తారు నుంచి తీసిన నాఫ్తాలో కరిగించి వాన కోటుకు గుడ్డ తయారు చేశాడు. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేస్తే రబ్బరు గట్టిపడుతుందని కనుక్కున్నాడు. ఈ రెండు పేర్లూ వినని మనిషి ఈ రెండు సూత్రాల్నీ రోజూ చేత్తో చేస్తున్నాడు.

లారీ ట్యూబులకు వేడి ప్యాచీ వేస్తారు చూడండి. పాత ఇంజను పిస్టన్‌ను బోర్లా తిప్పి, పచ్చి రబ్బరు ముక్క మీద పెట్టి, బిగింపుతో నొక్కి, పిస్టన్ గుంటలో కాస్త ఇంధనం పోసి అంటిస్తారు. అది కాలి ఆరిపోయేసరికి పచ్చి రబ్బరు ఉడికి ట్యూబులో కలిసిపోతుంది. ఎంత పోయాలి, ఎప్పుడు ఆరాలి అనేది ఉస్తాద్ కంటికి తెలుసు. తక్కువైతే పచ్చిగా ఉండి ఊడుతుంది, ఎక్కువైతే ట్యూబు మాడుతుంది. ఆ మంట పక్కనే పెట్రోలు డబ్బా ఉంటుంది. కాలిన చేతులు ఈ పనిలో కొత్త కాదు. షాగిర్ద్‌గా కూర్చోబెట్టిన పిల్లవాడి చేతులు కూడా అందులో ఉంటాయి.

లేనప్పుడు ఉన్నదానితో గడపడం పేదవాళ్లకే రాసిపెట్టింది కాదు. రబ్బరు కరువొచ్చినప్పుడు దొరలూ ఇదే చేశారు. మొదటి ప్రపంచ యుద్ధంలో రబ్బరు అందక జర్మన్లు చక్రాలకు ఉక్కు స్ప్రింగులు కట్టుకుని సైకిళ్లు తొక్కారు. రెండో యుద్ధంలో జర్మన్ల కింద ఉన్న హాలండు జనం తోటలకు నీళ్లు పెట్టే గొట్టాన్ని రిమ్ముకు చుట్టుకున్నారు, చెక్క టైర్లు బిగించుకున్నారు. 1941 డిసెంబర్ 8న జపాన్ సైన్యం మలయాలో దిగింది. అది దిగిన కోట బారులో విమానాశ్రయానికి కాపలా ఉన్నది నిజాం సంస్థాన సైన్యంలోని మొదటి హైదరాబాద్ ఇన్‌ఫాంట్రీ. తర్వాత మలయా పొడుగునా జపాన్ సైనికులు వేల సైకిళ్ల మీద దక్షిణానికి సాగారు. వేడికి టైర్లు పగిలిపోతే టైర్లు పీకేసి ఉత్త రిమ్ముల మీద తొక్కారు. చీకట్లో ఆ ఇనుప చప్పుడు విని టాంకులొస్తున్నాయని అవతలి వాళ్లు భయపడ్డారు. 1954లో వియత్నాం జనం దియన్ బియన్ ఫూకు 20 వేలకు పైగా సైకిళ్ల మీద బియ్యం, మందుగుండు నెట్టుకుంటూ పోయారు. ఒక్కో సైకిలు మీద రెండు వందల కిలోలకు పైగా బరువు. టైరు ఆగడానికి ప్యాంటు కాళ్లు చింపి, పాత ట్యూబులు కోసి లోపల అస్తరు వేశారు. ఆ చిరిగిన ప్యాంటు ముక్కలు ఒక సామ్రాజ్యాన్ని ఓడించడంలో పాలు పంచుకున్నాయి. వాళ్లను ఎవరూ పంక్చర్‌వాలాలని వెక్కిరించలేదు.

మరి మేం ఈ పనిలోకి ఎలా వచ్చాం? ఇది మా తాతల నాటి వృత్తి కాదు, కాలేదు. సైకిలే ఇక్కడికి ఇంగ్లండు నుంచి ఓడల్లో వచ్చింది. 1936లో బెంగాల్‌లోని సాహాగంజ్‌లో డన్‌లప్ కార్ఖానా మొదలైంది. మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లుధియానాలో హీరో 1956లో వచ్చాయి. సైకిలు మామూలు మనిషి బండి అయింది ఆ తర్వాతే. సరిగ్గా ఆ ఏళ్లలోనే తెలంగాణలో మా బతుకులు తలకిందులయ్యాయి. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య. 1949లో జాగీర్ల రద్దు. జాగీర్లు పోవడం న్యాయమే, మేం దానికి ఏడవం. కానీ జాగీర్దారు గేటు దగ్గర నిలబడ్డ జవాను, వంటమనిషి, గుర్రపువాడు జాగీర్దార్లు కారు. సర్కారు కొలువు పోయిన చిన్న ఉద్యోగికి ఊళ్లో భూమి లేదు. కోస్తాలో, రాయలసీమలో చరిత్ర వేరు, ఫలితం మాత్రం పెద్ద వేరు కాదు. మిల్లు దూది వచ్చి దూదేకుల బద్ద మూలపడింది. స్టీలు గిన్నెలొచ్చి కళాయివాడి కొలిమి ఆరింది. జట్కా పోయి రిక్షా వచ్చింది, నాల్‌బంద్‌కు డెక్కల్లేవు. భూమి లేనివాడికి, చదువు దక్కనివాడికి, పెట్టుబడి లేనివాడికి మిగిలింది ఒక పంపు, ఒక తొట్టి, చెట్టు నీడ.

ఈ పనికి కులం లేదు. 2007లో ఉమ్మడి రాష్ట్రం ముస్లింలలో వెనకబడిన 14 సమూహాలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. ఆ జాబితాలో అత్తర్ సాయిబులున్నారు, ధోబీలున్నారు, హజ్జాంలున్నారు, ఖురేషీలున్నారు. చాలావరకు వృత్తి పేర్లే. దూదేకులవాళ్లు ముందు నుంచే బీసీలు. పంక్చర్ పని పేరుతో మాత్రం ఏ సమూహమూ లేదు. ఎందుకంటే అది పుట్టుకతో వచ్చింది కాదు. ఎవరి వృత్తి వాళ్ల చేతుల్లోంచి జారిపోయాక చేరిన రేవు. ముసల్మాన్లే చేరారా అంటే అదీ కాదు. మన హైవేల మీద టైరు షాపులు నడుపుతున్న మలయాళీలను ఎవరైనా చూడొచ్చు, వాళ్లలో అన్ని మతాలవాళ్లూ ఉన్నారు. దళితులు, బీసీలు వేస్తున్న పంక్చర్లకూ లెక్కలేదు. ముల్లుకు మతం లేదు, ప్యాచీకీ లేదు. తిట్టుకే ఉంది.

2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక ముస్లిం పనివాళ్లలో 61 శాతం మంది సొంత పని మీదే బతుకుతున్నారని చెప్పింది. హిందువుల్లో అది 55 శాతం. సొంత పని అనగానే సొంత వ్యాపారం అని మురిసిపోనక్కర్లేదు. నెల జీతం ఇచ్చేవాడు లేకపోవడం, బ్యాంకు అప్పు ఇవ్వకపోవడం, జబ్బు చేస్తే ఆ రోజు పొయ్యి వెలగకపోవడం కూడా సొంత పనే.

ఇక్కడ మా మాట రెండు వైపులకీ చెప్పాలి. వెక్కిరించే వాళ్లతో అంటున్నాం: ఈ పనిలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. మీ బడి పిల్లవాడు బడికి, మీ రైతు సంతకు, మీ పాలవాడు మీ గుమ్మానికి చేరింది ఈ చేతుల మీదుగానే. జాలిపడే వాళ్లతో, పొగిడే వాళ్లతో కూడా అంటున్నాం. ఈమధ్య 'జుగాడ్' అని ఒక మాట మేనేజ్‌మెంటు పుస్తకాలకెక్కింది. లేమిలోంచి తెలివి పుడుతుందట. పుడుతుంది, నిజమే. కానీ గడ్డి కుక్కిన టైరు మీద ఎంత దూరం పోగలమో తొక్కినవాడికే తెలుసు. అది తర్వాతి ఊరి దాకా తీసుకుపోవడానికి చేసిన ఏర్పాటు. అక్కడ షాపు ఉంటుందనే నమ్మకంతో చేసిన ఏర్పాటు. ఒక జనాన్ని డెబ్బయి ఐదేళ్లుగా గడ్డి టైరు మీదే నడవమని, తర్వాతి ఊళ్లో కూడా షాపు లేకుండా చేసి, చూడండి వీళ్ల తెలివి అని మెచ్చుకోవడం మెచ్చుకోలు కాదు. వక్ఫ్ ఆస్తుల్ని తిన్న మా పెద్దల మీద కోపం మాకూ ఉంది. కానీ మా పిల్లల బడి, బ్యాంకు అప్పు, ఉద్యోగం వక్ఫ్ బాకీ కాదు. అవి సర్కారు బాకీ, పౌరులుగా మాకు రావాల్సిన బాకీ.

ఇప్పుడు చాలా మోటారు సైకిళ్లకు, కార్లకు ట్యూబే లేదు. ట్యూబ్‌లెస్ టైరుకు టైరు విప్పకుండానే రంధ్రంలోకి జిగురు పట్టీ దూర్చి కొస కోసేస్తారు. ఐదు నిమిషాల పని. 2020 జూన్‌లో అట్లాస్ సాహిబాబాద్ కార్ఖానా మూతపడింది. నీళ్ల తొట్టి, గరుకు రాయి, పిస్టన్ బిగింపు మెల్లమెల్లగా పాత సామాను అవుతున్నాయి. మా ఉస్తాదుల విద్య ఏ పుస్తకంలోనూ లేదు, వాళ్లతోనే పోతుంది. అందుకే ముడి ఎలా వేస్తారో, గడ్డి ఎలా కుక్కుతారో, వాల్‌ట్యూబ్ ఎలా చూస్తారో ఇక్కడ రాసిపెట్టాం. కోటల లెక్కతో పాటు ఇది కూడా మా చరిత్రలో ఉండాలి. పంక్చర్ వేసే మనిషి కొడుకు ఈ పుటలు చదివి తండ్రి చేతుల్ని గౌరవంగా చూడాలి. కూతురు ఇంజనీరింగు కాలేజీలో రబ్బరు పాఠం వింటూ, ఇది మా ఇంట్లో అందరికీ తెలుసు అనుకోవాలి. తండ్రి పనిలో కూర్చోవాలా వద్దా అనేది వాళ్లు ఎంచుకోవాలి. గతిలేక కూర్చోకూడదు. మా కొట్లాట అంతా ఆ ఒక్క తేడా కోసమే.